నలభై ఏడో నంబరు గది

“పిలగానికి ఎన్నేండ్లు?”

లాడ్జి మేనేజరు లక్ష్మీనర్సయ్య కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ప్రవీణ్‌ను కింది నుంచి పైదాకా చూశాడు.

“పదిహేడు,” అన్నాడు శేషాద్రి.

“అమ్మాయికి?”

“పదహైదు.”

“మరి వీళ్ళ తల్లి ఏది?”

పొద్దున్నుంచీ ఈ మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పడం ఇది నాలుగోసారి. మొదటి లాడ్జివాడు మగపిల్లాణ్ణి చూసి స్టూడెంట్లకు రూములు లేవన్నాడు. రెండోవాడు ఆడపిల్లను చూసి తల్లి లేకుండా ఎలా ఇస్తామన్నాడు. మూడోచోట రూము ఇస్తామన్నారు గానీ తలుపుకు గడియ లేదు, స్నానాలగది వరండా చివర పదిమందికీ కలిపి ఒకటే. చంటిపిల్లలైతే ఏ అరుగు మీదో పడుకోబెట్టుకునేవాడు. వీళ్ళు అటు పిల్లలూ కారు, ఇటు పెద్దలూ కారు. లాడ్జీల వాళ్ళ దృష్టిలో ఈ వయసు మగపిల్లాడంటే రాళ్ళు వేసేవాడు, ఈ వయసు ఆడపిల్లంటే లేనిపోని తంటా. ఎవరితో మొరపెట్టుకోవాలి?

“తల్లి ఆస్పత్రిలో ఉండాదప్పా,” అన్నాడు శేషాద్రి. “ఇక్కడికి పది నిమిషాల నడక. రేపు పొద్దున ఎనిమిదికి గుండె ఆపరేషను. రాత్రికి పేషెంటు దగ్గర ఒక్కరే ఉండాలన్నారు, నేనుంటా. రూము పిల్లలకే.”

“పెద్దమనిషి లేకుంట పిలగాండ్లు ఇద్దరే ఉంటరా? ఏంది సార్ గిట్ల మాట్లాడుతరు! రేపు ప్రత్యేక రాష్ట్రం ర్యాలీ ఉన్నది. స్టూడెంట్లను దింపుకుంటే షట్టర్ గుంజుతమని పోలీస్ టేషనోళ్ళు చెప్పిపోయిండ్రు.”

“బుచ్చిరాములు పంపించినాడు. ఆస్పత్రిలో స్ట్రెచర్ తోసే బుచ్చిరాములు.”

ఆ పేరు పనిచేసింది. లక్ష్మీనర్సయ్య కళ్ళజోడు దించుకుని, మళ్ళీ ఎత్తుకుని, నిట్టూర్చాడు.

“బుచ్చన్న చెప్పిండంటే ఇయ్యాలె మరి. ఒక్క రాత్రే! పిలగాడు కిందికి దిగొద్దు, కిటికీల నిలబడొద్దు. రాయుండ్రి,” అని రిజిస్టరు ముందుకు తోసి, గోడమీది టీవీ వైపు తిరిగాడు. టీవీలో క్యాంపస్ గేటు, ముళ్ళకంచె, హెల్మెట్లు కనిపిస్తున్నాయి.

శేషాద్రి కలం తీశాడు. పేరు రాశాడు. వయసు రాశాడు. ప్రవీణ్ పేరుకు ఎదురుగా ‘విద్యార్థి’ అని రాశాడు. తరవాతి గడిలో ఊరు, చిరునామా రాయాలి. తాడిపత్రి అని రాయబోతుంటే కలం ఆగింది.

ఇరవై రెండేళ్ళుగా బడి హాజరుపట్టీలో ఒక్క కొట్టివేత లేకుండా రాసిన చెయ్యి అది. ఆగిందంటే కారణం కాచిగూడ. ఈ పొద్దున్నే అక్కడ తాము దిగిన లాడ్జిలో, ప్రత్యేక రాష్ట్రం కావాలంటున్న అయిదారుగురు కుర్రాళ్ళు కౌంటరు మీదున్న రిజిస్టరు తిప్పి, వేలు పెట్టి, ‘తాడిపత్రి ఎవరిది? అవతలి ప్రాంతపోళ్ళు ఈడ ఉండొద్దు’ అని కేకేశారు. పది నిమిషాల్లో సామాను మెట్ల కిందికి వచ్చేసింది. బంద్ వల్ల బస్సులు లేవు, ఆటోలు లేవు. నల్లకుంట మీదుగా ముగ్గురూ సంచులు మోసుకుంటూ తార్నాక దాకా నడిచొచ్చారు.

మళ్ళీ ఈ రిజిస్టరూ ఇలాగే కౌంటరు మీద పడుంటుంది. మళ్ళీ ఎవడో వేలు పెడతాడు. అప్పుడు తాను ఆస్పత్రిలో ఉంటాడు, పిల్లలు పైన ఉంటారు.

హైదరాబాదులో శేషాద్రికి తెలిసిన చిరునామా ఒకే ఒకటుంది. అది చొక్కా జేబులో, మడిచిన చీటీలో ఉంది. చీటీ తీసి చూసి రాసేశాడు. హాస్టల్ పేరు, రెండో అంతస్తు, గది నంబరు నలభై ఏడు, యూనివర్సిటీ క్యాంపస్. క్యాంపస్ పేరుంటే ఏ కుర్రాడూ తన పిల్లల జోలికి రాడని ఆయన నమ్మకం.

లక్ష్మీనర్సయ్య టీవీ చూస్తూనే రిజిస్టరు మూసి తాళంచెవి ఇచ్చాడు.

పక్కనే నిలబడ్డ ప్రవీణ్ మాత్రం చూశాడు.

*

లాడ్జి గది రెండో అంతస్తులో ఉంది. మంచాలు రెండు, బాత్రూము లోపలే. కూతురు హారిక ముందుగా తలుపు గడియ మూడుసార్లు వేసి తీసింది. మూడుసార్లూ గట్టిగానే పడింది. శేషాద్రి ప్రాణం కాస్త కుదుటపడింది. కిటికీ తీస్తే క్యాంపస్ దారి కనబడుతోంది, దారి మీద మనిషి అన్నవాడు లేడు. గాలిలో ఏదో మిరపకాయలు మాడినట్టు ఘాటు. కళ్ళు మండాయి. హారిక చున్నీ తడిపి కిటికీ సందులో కుక్కింది.

“ఏం అడ్రస్ రాసినావు నాన్నా?” అన్నాడు ప్రవీణ్, సంచి కింద పెట్టకుండానే.

“రాసినాలే ఏదో ఒకటి.”

“ఏదో ఒకటి కాదు. చీటీ చూసి రాసినావు.”

“చూస్తే చూసినావులే, గమ్మునుండు.”

“పరుశురాం అన్న దాక్కున్న గది నాన్నా అది!”

“గట్టిగా అరవొద్దు.”

అరవొద్దన్నాడు గానీ ఆయన గొంతే ముందు లేచింది.

పరుశురాం బుచ్చిరాములు కొడుకు, క్యాంపస్‌లో ఎమ్మే చదువుతున్నాడు. శేషాద్రి భార్య లక్ష్మీదేవికి ‘ఓ నెగటివ్’ గ్రూపు రక్తం కావాలి, అదీ ఆపరేషను రోజు పొద్దున్నే తీసిన తాజా రక్తం కావాలన్నారు. బ్లడ్ బ్యాంకులన్నీ తిరిగినా దొరకలేదు. శేషాద్రి ఆస్పత్రి మెట్ల మీద తల పట్టుకుని కూచుంటే, ఎరగని మనిషి బుచ్చిరాములు వచ్చి అడిగాడు. “మా పిలగానిది గదే గ్రూపు సార్. పిలిపిస్త. మీరేడ్వకుండ్రి.” మొన్న చీకటితో పరుశురాం వచ్చి పరీక్షకు రక్తమిచ్చి, సరిపోయిందని తెలిశాక తానుంటున్న గది చిరునామా చీటీ మీద రాసి తండ్రి చేతికిచ్చి వెళ్ళాడు.

ఆ చీటీ ఇస్తూ బుచ్చిరాములు చెప్పిన మాట కూడా ప్రవీణ్ విన్నాడు. ఉద్యమంలో ముందుంటాడని పోలీసులు పరుశురాం కోసం వెదుకుతున్నారు. ఫోను ఆపేసుకుని దోస్తు గదిలో ఉంటున్నాడు. ఒకవేళ బుచ్చిరాములుకు డ్యూటీ పడి తీసుకురాలేకపోతే కబురు పెట్టడానికి మాత్రమే ఆ నంబరు. “జర పైలం సార్, ఎవ్వలకు చెప్పకుండ్రి. నా పెండ్లానికి గూడ చెప్పలే.”

“ఎవ్వరికీ చెప్పొద్దని ఆయన చేతులు పట్టుకుని చెప్పినాడా లేదా?” అన్నాడు ప్రవీణ్.

“నేనెవరికీ చెప్పలేదు. పేరు కూడా రాయలేదు, నంబరే కదరా! క్యాంపస్ అని ఉంటే ఆ పిల్లోళ్ళు మన జోలికి రారని రాసినా. పొద్దున కాచిగూడలో చూసినావు కదా. చెల్లెలు ఎంత ఏడ్చిందో మర్చిపోయినావా?”

“నేనేం ఏడ్చలేదు,” అంది హారిక.

“వాళ్ళేం చేసినారు నాన్నా? ఊరు అడిగినారు, పొమ్మన్నారు. తప్పే, నేను కాదనను. అమ్మ ఆస్పత్రిలో ఉందని చెల్లి చెప్తే ఒకడు మన పెద్ద బ్యాగు తనే కిందికి మోసుకొచ్చినాడు. నువ్వు వాళ్ళకు భయపడినావు. రిజిస్టరు చూసేది వాళ్ళొక్కరేనా? పోలీసులు చూడరా?”

జవాబు దొరకని తండ్రులు చేసే పనే శేషాద్రీ చేశాడు.

“నోర్ముయ్! అడ్డాల నాడు బిడ్డలు గానీ గడ్డాల నాడు బిడ్డలా అని ఊరికే అనలేదు పెద్దలు. నీకు రూము కోసం పొద్దున్నుంచి కుక్కలాగా తిరుగుతాంటే నాకు నీతులు చెప్తావా?”

ప్రవీణ్ సంచి కింద పెట్టి గోడ వైపు తిరిగాడు. దూరంగా క్యాంపస్ వైపు బాష్పవాయువు గుండు పేలింది. ఇంకోటి పేలింది. హారిక తడిచున్నీని ఇంకాస్త లోపలికి నొక్కింది.

“కిందికి పోయి ఆ అడ్రస్ కొట్టేసి రా నాన్నా,” అంది మెల్లగా. “తప్పు రాస్తే కొట్టేసి పక్కన సంతకం పెట్టమని నువ్వే కదా బళ్ళో చెప్తావు.”

బిడ్డ మాట సూటిగా తగిలింది. శేషాద్రి లేచాడు. అంతలో ఫోను మోగింది. ఆస్పత్రి నుంచి. డాక్టరు వెళ్ళిపోతున్నారట, ఆపరేషను కాగితాల మీద సంతకం వెంటనే కావాలట.

“పోతా పోతా కొట్టేసిపోతా,” అన్నాడు చెప్పులు తొడుక్కుంటూ. “గడియ వేసుకోండి. నేను తప్ప ఎవరు తట్టినా తియ్యొద్దు.”

కౌంటరు మీద రిజిస్టరు లేదు.

“లక్ష్మీనర్సయ్య గారూ, రిజిస్టరేది? చిన్న తప్పు పడింది, దిద్దాల.”

“టేషన్ల ఇచ్చొచ్చిన సార్, గిప్పుడే. వారం దినాలసంది ఐదింటికల్లా చూపియ్యాలె, వాళ్ళు సంతకం పెట్టి ఇస్తరు. ఏం తప్పు పడ్డది?”

చెప్పవలసిన క్షణం అదే. చెబితే లక్ష్మీనర్సయ్య ఏమంటాడు? పిల్లల్ని రోడ్డు మీదికి పంపుతాడు. అయిదో లాడ్జి ఎక్కడుంది? అయిదోవాడు కూడా అవే మూడు ప్రశ్నలు అడుగుతాడు.

“ఏం లేదులే. వయసు,” అన్నాడు శేషాద్రి.

*

లక్ష్మీదేవి మంచం మీద చిన్నపిల్లలా కనబడింది. మొహంలో నెత్తురు లేదు. ఆయన్ని చూడగానే తన గుండె సంగతి అడగలేదు.

“ఏమండీ, పిల్లలకు రూము దొరికిందా?”

“దొరికింది.”

“తలుపుకు గడియ ఉండాదా?”

“ఉండాది. హారిక మూడుసార్లు వేసి చూసింది.”

“బాత్రూము?”

“లోపలే.”

ఆమె కళ్ళు మూసుకుంది. “ఇంక నాకు భయం లేదు,” అంది.

శేషాద్రి కాగితాల మీద సంతకం పెట్టాడు. అక్షరాలు వంకరపోయాయి. ఎదురుగా నర్సు, “డోనర్ ఆరింటికి వస్తాడు కదా? రక్తం లేకపోతే సార్ మొదలుపెట్టరు, ఈ వాయిదా పడితే మళ్ళీ ఎప్పుడో చెప్పలేం. ఆమె పరిస్థితి మీకు తెలుసు,” అంది. తల ఊపాడు.

వరండాలో బుచ్చిరాములు ఖాళీ స్ట్రెచర్ గోడకు చేరవేసి, గోనెసంచి లోంచి గుడ్డమూట తీసి బల్ల మీద పెట్టాడు.

“నా పెండ్లాం రాములమ్మ జొన్నరొట్టెలు పంపింది సార్, పిలగాండ్లకు. హోటళ్ళన్ని బంద్ ఉన్నయ్ గద, ఏం తింటరని. రూం మంచిగున్నదా? నర్సయ్య ఏమన్న పరేషాన్ చేసిండా?”

“లేదు. నీ పేరు చెప్తే ఇచ్చినాడు.”

“గట్లనే ఇస్తడు. పొద్దుగాల ఆరింటికి మా వాణ్ణి ఎన్క గేటు నుంచి తీసుకొస్త. మాణికేశ్వర్ నగర్ సందులల్లకెళ్ళి వస్తే ఎవ్వలకు కనబడం. ఒక్క రాత్రి గడిస్తే చాలు సార్. మీకు గంతే, నాకు గంతే.”

చెప్పెయ్యాలి. నోరు తెరిచి ఒక్క మాట చెబితే బుచ్చిరాములు ఇప్పుడే పరుగెత్తి కొడుకును ఆ గది లోంచి మార్చేస్తాడు. శేషాద్రి నోరు తెరిచాడు కూడా. కానీ లోపల ఇంకో శేషాద్రి ఉన్నాడు, వాడు లెక్కలు బాగా తెలిసినవాడు. గది మారిన పిల్లాడు రేపు రాకపోతే? ‘నా కొడుకును పోలీసులకు పట్టిచ్చే పని చేసి, వాడి రక్తమే కావాలంటావా’ అని ఈ మనిషి మొహం తిప్పుకుంటే? లక్ష్మీదేవి ఏం కావాలి? రిజిస్టరులో నూరు పేర్లుంటాయి, ఎవడు చూడొచ్చాడులే.

“ఏమన్న చెప్తరా సార్?”

“ఏం లేదప్పా. పిల్లలకు రొట్టెలిచ్చి గంటలో వస్తా.”

గబగబా మెట్లు దిగాడు. రొట్టెల మూట వరండా బల్ల మీదే మర్చిపోయాడు.

*

లాడ్జి ముందు జీపు ఆగి ఉంది.

పొద్దు ఇంకా పూర్తిగా కుంకలేదు. చౌరస్తాలో దుకాణాల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. జీపు వెనక సీటులో ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య ప్రవీణ్ కూచుని ఉన్నాడు. చొక్కా పై గుండీ ఊడిపోయి ఉంది. మెట్ల దగ్గర హారిక రెయిలింగు పట్టుకుని నిలబడింది. ఈసారి నిజంగానే ఏడుస్తోంది.

“నేను తియ్యలేదు నాన్నా! మేనేజరు గొంతు విని అన్న తీసినాడు!”

“అయ్యా, అయ్యా!” అంటూ శేషాద్రి జీపుకు అడ్డం పడ్డాడు. “నా కొడుకయ్యా! ఇంటరు చదువుతాండాడు! వాడికేం తెలీదు!”

కౌంటరు దగ్గర్నుంచి ఎస్సై రిజిస్టరు చంకన పెట్టుకుని తీరిగ్గా బయటికొచ్చాడు. వెనక లక్ష్మీనర్సయ్య చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. “నన్ను ముంచితిరి గద సార్!” అన్నాడు శేషాద్రిని చూసి.

“మీరేనా తండ్రి?” అన్నాడు ఎస్సై. కసురుకోలేదు. అదే ఎక్కువ భయం పుట్టించింది. “గిది మీ చేతి రాతేనా?”

“నాదేనయ్యా.”

“రాత మంచిగున్నది. టీచరా?”

“అవునయ్యా.”

“టీచర్ సాబ్, గిది నిజమైతే మీ వాడు క్యాంపస్ హాస్టల్ల ఉండేటోడు, రేపటి ర్యాలీకి లాడ్జిల దాచిపెట్టిండ్రు. నా ఎంట వస్తడు. అబద్ధమైతే ఎందుకు రాసిండ్రో చెప్పుండ్రి.”

“అబద్ధం. అబద్ధమే! మాది తాడిపత్రి. కాచిగూడలో ఊరు చూసి ఖాళీ చేయించినారని భయపడి రాసినా.”

“మీ యాస వింటే గది నాకూ తెలుస్తున్నది,” అని ఎస్సై నవ్వాడు. ఆ నవ్వుకు శేషాద్రికి కొండంత ధైర్యం వచ్చింది, ఒక్క క్షణం. “మరి తాడిపత్రి మనిషికి ఈ హాస్టల్ పేరు, ఫ్లోరు, రూం నంబరు ఏడికెల్లి వచ్చినయ్? నాలుగు దినాలసంది గా హాస్టల్ సుట్టే తిరుగుతున్నం మేము. నూటయాభై రూములు. అన్నీ ఒక్కపాలి తెరిపిస్తే లొల్లయితది. ఒక్క నంబరు దొరుకుతలేదు మాకు. మీరేమో చక్కగ రాసి సంతకం పెట్టిండ్రు.”

కాచిగూడ కుర్రాళ్ళ వేలికి భయపడి రాసిన నంబరు మీద ఇప్పుడు ఎస్సై వేలు ఉంది. పెనం మీంచి పొయ్యిలో పడడమంటే ఇదే.

“నోటికొచ్చింది రాసినానయ్యా.”

“నోటికొచ్చిందా?”

“అవును.”

వైర్‌లెస్ సెట్టు గరగరమంది. ఎస్సై దాని గొంతు తగ్గించి, దగ్గరికొచ్చి, పక్కింటాయన సలహా చెబుతున్నట్టు చెప్పాడు.

“చూడుండ్రి సార్. ఆడమనిషికి ఆపరేషన్ ఉన్నదని నర్సయ్య చెప్పిండు. నాక్కూడ పిల్లలున్నరు. గా రూంల ఎవడున్నడో పేరు చెప్పుండ్రి, మీ వాణ్ణి గిప్పుడే గీడనే దింపుత. చెప్పకుంటే వీణ్ణి కేసుల పెట్టుడు నాకు ఇష్టం లేదు, కాని పెడ్త. పదిహేడేండ్ల పిలగాడు, పరీక్షలు రాసేటోడు. ఆలోచించుకోండ్రి.”

శేషాద్రి జీపు వైపు చూశాడు. పేరు చెబితే కొడుకు దిగుతాడు. పేరు చెబితే రేపు ఆరింటికి రక్తం ఇవ్వడానికి ఎవరూ రారు. చెప్పకపోతే కొడుకు పోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, రెంటినీ తవ్వింది తన కలమే. దేవుడా, తాడిపత్రి అని రాసి ఉంటే ఏమయ్యేది? మహా అయితే సంచులు మళ్ళీ మెట్ల కిందికి వచ్చేవి.

చెయ్యి తనకు తెలియకుండానే చొక్కా జేబు మీదికి పోయింది. ఎస్సై కళ్ళు ఆ చేతి వెంట వెళ్ళాయి.

“చెప్పొద్దు నాన్నా!” ప్రవీణ్ జీపులోంచి అరిచాడు. “నన్నేం చేసినా సరే, నువ్వు చెప్పొద్దు!”

కానిస్టేబులు వాడి నోరు మూశాడు. ఆలస్యమైపోయింది.

“అంటే చెప్పేటిది ఉన్నదన్నమాట,” అన్నాడు ఎస్సై. వైర్‌లెస్ ఎత్తి, “రెండో బండి ఏడున్నది? గా హాస్టల్ కాడికి పంపు. సెకండ్ ఫ్లోరు, నలభై ఏడు,” అన్నాడు. తరవాత శేషాద్రి ముందు అరచెయ్యి చాచాడు. “జేబుల ఏమున్నదో తియ్యుండ్రి సార్.”

హారిక ఏడుపు ఆగిపోయింది. అది తన వైపు కాక, తన వెనక వైపు చూస్తోందని శేషాద్రికి కాస్త ఆలస్యంగా తెలిసింది. తిరిగి చూశాడు.

బుచ్చిరాములు నిలబడి ఉన్నాడు. ఆస్పత్రి నుంచి పరుగున వచ్చినట్టున్నాడు, ఒగురుస్తున్నాడు. రెండు చేతుల్తో గుడ్డమూట పట్టుకుని ఉన్నాడు.

“పిలగాండ్లు ఆకలిగుంటరని తెచ్చిన సార్,” అన్నాడు. “మరిచిపోయి వచ్చిండ్రు.”

బుచ్చిరాములు ఎస్సై చాచిన చెయ్యి చూశాడు, జీపులో పిల్లాణ్ణి చూశాడు, చివరికి శేషాద్రి జేబు చూశాడు.

“నలభై ఏడు అన్నరా సార్ గాయన?”

శేషాద్రి తల ఎత్తలేకపోయాడు.